పడమటి గోడ మీద ఎలుగుబంటి

మూడు వేసవులుగా ఈ గోడతోనే నా కాపురం.
కార్పాతియన్ కొండల కింద, బుకోవినాలో,
బస్సు కూడా మనసైతేనే ఆగే ఊరి చర్చి.
తలవాకిలి వసారాలో, పడమటి గోడ నిండా
లోకం కడపటి దినం.
దాని మీద నాలుగొందల ఏళ్ళ కొవ్వొత్తుల మసి,
పోయినవాళ్ళ కోసం ఉన్నవాళ్ళు వెలిగించినవి.
దూది, నీళ్ళు, ఓపిక. ఇంతే నా పనిముట్లు.
రోజుకి అరచేతి మేర.

పైన దేవదూతలు ఆకాశాన్ని చాపలా చుట్టేస్తున్నారు,
సూర్యుడూ చంద్రుడూ మడతలో పడి నలుగుతున్నారు.
సింహాసనం కాళ్ళ దగ్గర పుట్టిన నిప్పుటేరు
కుడివైపు అట్టడుగు మూలకి దిగి
మరణాన్నే మింగుతుందట.
అక్కడిదాకా నేనింకా పోలేదు.

జంఫీరా ముసలమ్మ రోజూ వస్తుంది,
చేతిలో పాలసీసా. ఏ పరిశుద్ధుడి వంకా చూడదు.
"ఎలుగు ఎక్కడ?" అంటుంది.
"ముందు దాన్ని కడుగు."

ఎలుగు ఉంది, కింది వరసలో.
బూర మోగింది కదా,
తిన్నదంతా తెచ్చివ్వాలి మృగాలు:
సింహం ఒక తలని, తోడేలు ఒక కాలిని,
చేప ఒక పిల్లాణ్ణి మొత్తంగా.
సముద్రం ఒక ఆడమనిషి,
ఒళ్ళోంచి పడవ తీసి ఇస్తోంది, మనుషులతో సహా.
జింక ఒక్కటే ఉత్త నోటితో నిలబడింది.
దానికి ఎవరి బాకీ లేదు.

జంఫీరా మొగుడు గవ్రిల్ అడవిలో దుంగలు కొట్టేవాడు.
నలభై ఏళ్ళ కిందట, మంచు కరిగే నెలలో,
ఎలుగు మీద పడింది.
మనిషి దొరికాడు. కుడిచెయ్యి దొరకలేదు.
"నాకు ఉంగరం తొడిగిన చెయ్యి," అంటుంది,
"అది లేకుండానే పాతిపెట్టాం.
లేచాక సిలువ గుర్తు ఏ చేత్తో వేసుకుంటాడు?"

ఆగస్టులో, సాతాను మెడ తుడుస్తుంటే
మసి కింద ఇనప కంటె తేలింది.
కంటెకి గొలుసు.
గొలుసు వెంట దూదితో నడిచాను, తొమ్మిది రోజులు,
నిప్పుటేరు ఒడ్డునే, రాజుల గుంపు వెనకనుంచి,
పైకి, ఇంకా పైకి.
సింహాసనం పక్కన నిలబడ్డ
ఓ కుర్ర దేవదూత చిటికెనవేలికి చుట్టి ఉంది కొస.
వాడు ఇటు చూడనైనా చూడటం లేదు.

గంటలు కొట్టే అనికిట్ టోపీ తీసేశాడు.
"అయితే మొదట్నించీ కట్టేసే ఉందన్నమాట!"
జంఫీరా గొలుసుని కిందనుంచి పైదాకా
కళ్ళతో కొలిచింది.
"మరి ఇంత పొడుగు ఎందుకు వదిలినట్టు?" అంది.
"మా అడవి దాకా అందేటంత?"

అనికిట్ టోపీ నలిపాడు. నేను దూది పిండాను.
సాయంత్రపు పిలుపుకి చెక్కపలక కొట్టడం
ఆ రోజు ఆయన మరిచిపోయాడు.
ఆ ప్రశ్న ఇంకా ఈ వసారాలోనే ఉంది,
దూలం మీద వాలిన పావురంలా. ఎవరం తరమలేదు.

ఈ ఏడు చలి ముందే వచ్చింది.
మరణం ఉన్న మూల వచ్చే వేసవికి వాయిదా.
మిగిలిన నాలుగు రోజులూ ఎలుగుకే ఇచ్చాను.
గీసినవాడెవడో గానీ దాని చూపు నేలకి దించాడు.
జాలిపడి ఇస్తున్న చూపు కాదు,
ఆజ్ఞ విన్న చూపు.
నోరు తెరిచి ఉంది. నోట్లో ముంజేయి ఉంది.
మణికట్టు దాటాక గచ్చు లేదు.
ఏనాటి చెమ్మో, రాలిపోయింది.

"గియ్యి," అంది జంఫీరా. "రంగులున్నాయి కదా నీ దగ్గర."

మా పనికి ఒక కట్టుబాటు:
ఉన్నది కడుగుతాం, ఊడేది అంటిస్తాం,
పోయింది గీయం.
ఆ ఖాళీని సున్నంతో మెత్తి తెల్లగా వదిలేస్తాం.
చెప్పాను. తిడుతుందనుకున్నాను.

చాలాసేపు ఆ తెల్లమచ్చనే చూసింది.
"పోనీలే. నువ్వు గీస్తే అది నీ చెయ్యవుతుంది,
గవ్రిల్‌ది కాదు.
ఎవరిది ఎవరికివ్వాలో ఇచ్చేవాడికి తెలుసు."

పాలసీసా నా నిచ్చెన దగ్గర పెట్టి,
వణికే కుడిచెయ్యి ఎత్తి
సిలువ గుర్తు రెండుసార్లు వేసుకుంది.
ఒకటి తనకి.